రెండు డైలాగుల వేషం

చిట్టితల్లికి,

"అందరూ రాత్రికి రాత్రే స్టార్లయిపోతున్నారు నాన్నా, నాకే రెండు డైలాగుల వేషాలు" అన్నావు మొన్న ఫోన్లో. అలా అయినవాళ్ళ పేరు ఒక్కటి చెప్పు చూద్దాం. చిరంజీవి గారు మద్రాసులో యాక్టింగ్ కోర్సు చేసి 1978లో 'ప్రాణం ఖరీదు'తో తెరమీదికి వచ్చారు. స్టార్‌ని చేసిన 'ఖైదీ' వచ్చింది 1983లో. మధ్యలో విలన్ వేషాలూ వేశారు. విజయ్ దేవరకొండ 2011లోనే చిన్న వేషంలో కనిపించాడు, 'పెళ్ళిచూపులు' వచ్చేసరికి 2016. సినిమావాళ్ళ పిల్లలకి మొదటి అవకాశం ఇంట్లోనే దొరుకుతుంది, నిజమే. అయినా పవన్ కల్యాణ్, మహేష్ బాబు కూడా హీరోలు కాకముందు వైజాగ్‌లో సత్యానంద్ గారి దగ్గర నటన నేర్చుకున్నారు.

నువ్వు సావిత్రి గారి సంగతి తెలుసుకోవాలి. 1950లో 'సంసారం' సినిమాకి ఆవిణ్ణి హీరోయిన్‌గా తీసుకుని, కెమెరా ముందు తడబడుతోందని మార్చేశారు. మరుసటి ఏడాది 'పాతాళ భైరవి'లో ఒక డాన్సులో కనిపించి వెళ్ళిపోతుంది. 1955లో 'మిస్సమ్మ'. అందులోనూ మొదట ఆవిడది రెండో హీరోయిన్ వేషమే. భానుమతి గారు తప్పుకోవడంతో మేరీ పాత్ర ఈవిడకి వచ్చింది. 'సంసారం' తీసిన ఎల్.వి. ప్రసాద్ గారే ఈ సినిమాకీ దర్శకుడు. అదృష్టం అంటావేమో. కానీ ఆ వేషం వచ్చేసరికి చేయగల మనిషి అక్కడ సిద్ధంగా ఉంది కదా! 'మాయాబజార్' మళ్ళీ చూడు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా చేస్తున్నప్పుడు ఆ చూపులో, భుజాల్లో అసలు ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు గారి దర్జా కనిపిస్తుంది. పక్కవాళ్ళ నటనని ఎంత పట్టి చూస్తే వస్తుంది అది?

ఆడిషన్లో "స్టేజీ యాక్టింగ్ చేస్తున్నావు" అన్నారని చిన్నబుచ్చుకున్నావు. వాళ్ళన్నదాంట్లో సగం నిజం. పరిషత్తు నాటకాల్లో చివరి వరసకి వినపడాలని నేనే నీకు గొంతు పెంచడం నేర్పాను. క్లోజప్‌లో రెప్ప వేసినా పెద్దగా కనిపిస్తుంది, అక్కడ అంత అక్కర్లేదు. అలాగని ఆ గొంతు వదులుకోకు. తెలుగు సినిమా హీరోయిన్లలో చాలామందికి డబ్బింగ్ వేరేవాళ్ళు చెబుతున్నారు. నీ వేషానికి నువ్వే చెబుతానని ముందే అడుగు.

రెండు డైలాగులే ఉన్న సీన్లో మిగతా సమయమంతా ఏం చేస్తున్నావు? నీ వంతు కోసం ఎదురుచూస్తూ నిలబడుతున్నావనుకుంటా, నువ్వు పంపిన వీడియోలో అలాగే ఉంది. ఎదుటివాళ్ళ మాట అప్పుడే మొదటిసారి వింటున్నట్టు వినాలి. అది చాలా కష్టం, నాకు స్టేజీ మీద కూడా కష్టంగానే ఉండేది. సెల్‌ఫోన్లో తీసుకుని సౌండ్ ఆపేసి చూసుకో. మాట లేకుండా ఏం అర్థమవుతుందో నీకే తెలుస్తుంది.

మీ అమ్మ ఇంకా బి.ఎడ్. మాటే ఎత్తుతోంది. దాని సంగతి నేను చూసుకుంటాను, నువ్వు టెన్షన్ పడకు.

డబ్బు కడితే వేషం ఇప్పిస్తానన్న ఆ కోఆర్డినేటర్‌కి ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. వేషం వేసినందుకు వాళ్ళు నీకివ్వాలి గానీ నువ్వు వాళ్ళకివ్వడమేంటి? వెబ్ సిరీస్ వాళ్ళ అగ్రిమెంటు మాత్రం సంతకం పెట్టేముందు నాకు వాట్సాప్ చెయ్యి. మన వీధి ప్లీడరు గారికి చూపిస్తాను.

నాన్న