వార్షిక నివేదిక: మన సభ్యుల ఫైలు, దాని తాళాలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కాలువల పూడికతీత, వీధి దీపాలు, చవితి పందిరి అన్నీ సవ్యంగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. నేను చెప్పాల్సింది ఆఫీసు కంప్యూటర్‌లోని సభ్యుల ఫైలు గురించి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు మన రిజిస్టర్లు తడిసి ముద్దయ్యాయి. ఆ తర్వాతే ఇంటి నంబర్లు, మెయింటెనెన్స్ బకాయిలు, అద్దెకున్నవారి ఫోన్ నంబర్లు, విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పన్ను అసెస్‌మెంట్ నంబర్లు ఆఫీసులో ఉన్న యాక్సెస్ 2003 అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాంలోకి ఎక్కించాం. అయితే ఆ ఫైలు తెరిచిన ఎవరైనా బకాయి మార్చేయవచ్చు, టేబుల్ (వివరాల పట్టిక) మొత్తం చెరిపేయవచ్చు. అందుకే ఈ ఏడాది దీని మీద పట్టుబట్టి కూర్చున్నాం.

యాక్సెస్ పేరూ పాస్‌వర్డూ అడగకపోయినా లోపల లాగిన్ జరుగుతూనే ఉంటుంది. అందరూ ‘అడ్మిన్’ అనే పేరుతోనే లోపలికి వెళ్తారు. ‘యూజర్స్’ అనే గ్రూప్‌లో ప్రతి యూజరూ ఉంటారు, ఎవరినీ అందులోంచి తీయలేం. మొదటి నుంచీ ఆ గ్రూప్‌కు అన్ని పర్మిషన్లూ ఉంటాయి. పైగా ఈ అడ్మిన్, ఈ యూజర్స్ ఏ ఊళ్లో ఏ కంప్యూటర్‌లోనైనా ఒక్కటే. కాబట్టి యూజర్స్‌కు ఇచ్చిన పర్మిషన్ ఊరందరికీ ఇచ్చినట్టే. మనిషికి విడిగా ఇచ్చినవీ, అతని గ్రూప్‌కు ఇచ్చినవీ కలిసి లెక్కకొస్తాయి. అందువల్ల ఒకరి పేరు మీద ఎన్ని ఆంక్షలు పెట్టినా యూజర్స్ గ్రూప్ దారి తెరిచే ఉంటుంది.

అందుకే కొత్త వర్క్‌గ్రూప్ ఫైలు (యూజర్ల, గ్రూపుల పేర్లు, పాస్‌వర్డ్‌లు దాచే ఫైలు) తయారుచేసి, అందులో సొంత నిర్వాహకుడి పేరు పెట్టి, పాత అడ్మిన్‌ను ‘అడ్మిన్స్’ అనే నిర్వాహకుల గ్రూప్ నుంచి తీసేశాం. కొత్త పేరుతో లాగిన్ అయి ఖాళీ డేటాబేస్ సృష్టించి టేబుళ్లన్నీ అందులోకి దిగుమతి చేసుకున్నాం. పాత ఫైలుకు యజమాని అడ్మినే కాబట్టి, అదే ఫైలులో ఎన్ని పర్మిషన్లు తీసేసినా లాభం లేదు. ఆ తర్వాత యూజర్స్ గ్రూప్ పర్మిషన్లు ఒక్కొక్కటీ తీసేశాం. ఆ పర్మిషన్ల జాబితాలో ఇకముందు చేసే కొత్త టేబుళ్లకు వర్తించే వరుస కూడా ఉంది, దాన్నీ తీసేశాం. చాలామంది మరిచిపోయేది అదే. ఇప్పుడు వసూళ్ల గ్రూప్ వారు రసీదులు చేర్చగలరు, చెరపలేరు. కార్యవర్గ గ్రూప్ వారు చూడగలరు, టేబుల్ డిజైన్ మార్చలేరు.

ఈ తాళం అంత గట్టిది కాదు. దీన్ని విప్పే సాఫ్ట్‌వేర్లు బజారులో ఉన్నాయి. యాక్సెస్ 2007తో వచ్చిన కొత్త ఫైలు రకంలో ఈ యూజర్ల పద్ధతే లేదు. దానికి పెట్టే పాస్‌వర్డ్ గట్టిదే కానీ అందరికీ ఒక్కటే. మనకు పనుల విభజన ముఖ్యం కనుక పాతదే ఉంచి, ఆధార్ నంబర్లు మాత్రం ఫైలు నుంచి పూర్తిగా తొలగించాం. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. అద్దెకు వచ్చేవారి ఆధార్ జిరాక్సులు దయచేసి ఆఫీసులో ఇవ్వకండి.

వర్క్‌గ్రూప్ ఫైలు పాడైతే మళ్లీ కట్టుకోవడానికి అందులో రాసిన పేర్లు, ఐడీలు అక్షరం తేడా లేకుండా కావాలి. వాటిని కాగితం మీద రాసి, కవరులో సీలు చేసి అధ్యక్షుల వారి దగ్గర ఉంచాం. కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకున్న రోజే ఆ కవరు వారికి అందాలి, మా పేర్లు అడ్మిన్స్ గ్రూప్ నుంచి తీసేయాలి.

ఇట్లు,
కార్యదర్శి