కారణం తెలియకపోతే ఫైలు మూసేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో కైనెసిన్ ప్రోటీన్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. కణంలో అది రెండు కాళ్ల మీద ఎలా నడుస్తుందో బొమ్మలతో సహా చక్కగా చెప్పారు. కానీ అది పాడైతే మనుషులకు ఏమవుతుందన్న సంగతి మాత్రం చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేశారు, అదీ 'త్వరలో మందు రాబోతోంది' అని. నేను పిల్లలకు ఫిజియోథెరపీ చేస్తాను. జబ్బుకు కారణమేంటో ఎవరూ చెప్పలేకపోయిన పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు కాబట్టి ఆ వాక్యం చదివాక ఊరుకోలేకపోయాను.

కైనెసిన్‌ని 1985లో స్క్విడ్ అనే సముద్రజీవి నరాల్లో రొనాల్డ్ వేల్, థామస్ రీస్, మైఖేల్ షీట్జ్ గుర్తించారు. మనిషిలో ఈ కుటుంబానికి చెందిన జన్యువులు 45 ఉన్నాయి. ఒక్క మాటలో చెప్పాలంటే ఇవి కణంలో మూటలు మోసే హమాలీలు. ఒక్కో అడుగు 8 నానోమీటర్లు, అడుగుకో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) అణువు ఖర్చు. ఇదంతా నరాలకే ఎందుకంత ముఖ్యమంటే, కాలి కండరాల్ని కదిలించే నరకణం వెన్నుపాములో ఉంటుంది, దాని పొడుగాటి పోగు పాదం దాకా వెళ్తుంది, పెద్దవాళ్లలో అది దాదాపు మీటరు పొడవు. ఆ చివర కావలసిన సరుకులో చాలాభాగం ఈ చివరే తయారై అంత దూరం మోసుకుపోవాలి. వేగంగా సాగే రవాణా కూడా రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్లే, అంటే పాదం చేరడానికి రోజులు పడుతుంది. మోసేవాటిలో లోపముంటే ముందు దెబ్బ తినేది పొడుగు నరాలే, అందుకే ఈ జబ్బుల్లో చాలావాటికి మొదటి గుర్తు కాళ్లలో కనిపిస్తుంది.

ఈ కైనెసిన్ కుటుంబంలోని కేఐఎఫ్1ఏ అనే జన్యువునే తీసుకోండి. నరం చివర సంకేతాలు పంపడానికి కావలసిన సంచుల్లాంటి నిర్మాణాల్ని మోసేది దీని ప్రోటీనే. ఇందులో మార్పు వచ్చిన పిల్లల్లో కాళ్లు బిగుసుకుపోవడం, మాటలు ఆలస్యం కావడం, ఫిట్స్, చూపు తగ్గడం, ఎంఆర్ఐలో చిన్న మెదడు కుంచించుకుపోయి కనిపించడం, వీటిలో కొన్నో అన్నో ఉంటాయి. ఇలాంటి పిల్లల్లో చాలామందికి మొదట పడే పేరు సెరిబ్రల్ పాల్సీ, అంటే ఎదిగే దశలో మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలు సరిగా రాకపోవడం.

నా అసలు బాధ ఇక్కడే. నెలలు నిండి పుట్టిన బిడ్డ, కాన్పులో ఏ ఇబ్బందీ లేదు, ఎంఆర్ఐలో పాత దెబ్బ ఆనవాళ్లూ లేవు. మునివేళ్ల మీద నడుస్తుంది, బూట్లు మడమ దగ్గర కొత్తగానే ఉండి ముందు అంచు మాత్రం అరిగిపోతుంది. రెండేళ్లు పోయాక చూస్తే ఇంతకుముందు ఎక్కిన మెట్లు ఇప్పుడు ఎక్కలేకపోతుంది. సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు తగిలిన దెబ్బ పెరుగుతూ పోదు. పెద్దయ్యేకొద్దీ కండరాల బిగుతు వల్ల ఇబ్బంది ఎక్కువ కావచ్చు గానీ, వచ్చిన పనులు పోతున్నాయంటే, చూపు కూడా తగ్గుతోందంటే ఆ పేరును మళ్లీ తిరగేసి చూడాల్సిందే. కానీ ఒకసారి ఫైలు మీద ఆ రెండు మాటలు రాశాక తరువాత చూసే ప్రతివాళ్లూ దాన్నే నమ్ముకుంటారు. తల్లిని మాత్రం ప్రతి ఓపీలోనూ మళ్లీ మళ్లీ అదే అడుగుతారు, పుట్టగానే ఏడ్చిందా, కాన్పుకి ఆలస్యంగా వెళ్లారా, కడుపుతో ఉన్నప్పుడు ఏమైనా మందులు వేసుకున్నారా అని. అడగాల్సిన ప్రశ్నలే, కాదనను. పదిసార్లు అడిగాక ఆ తల్లి తనే ఏదో తప్పు చేశానని నిశ్చయించుకుంటుంది. నిజానికి కేఐఎఫ్1ఏ జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఆ మార్పు కొత్తగా వచ్చిందే, అమ్మానాన్నల రక్తంలో అది కనిపించదు. ఎవరి అజాగ్రత్తా కాదు, మేనరికం వల్లా కాదు.

పేరు తెలిస్తే ఏం ఒరుగుతుంది, మందు లేదు కదా అని చాలామంది అంటారు, కొందరు డాక్టర్లు కూడా. చాలా ఒరుగుతుంది. కంటి నరాన్ని క్రమంగా పరీక్ష చేయిస్తారు, ఫిట్స్ కోసం కనిపెట్టుకుని ఉంటారు, మామూలు ఫిట్స్‌లా కనిపించనివి కూడా ఉంటాయి కాబట్టి ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల్ని నమోదు చేసే పరీక్ష) తీయిస్తారు. రెండో బిడ్డకు వస్తుందా అన్న టెన్షన్‌కి ఒక జవాబు దొరుకుతుంది (కొత్త మార్పయితే అవకాశం తక్కువ, పూర్తిగా లేదని మాత్రం చెప్పలేం, దాన్ని జెనెటిక్ కౌన్సెలర్ వివరించాలి). నేను చేయించే వ్యాయామాల లక్ష్యం కూడా మారుతుంది, నిలబెట్టుకోవాల్సింది ఏదో ముందే తెలుస్తుంది.

ఇక మందు సంగతి. కైనెసిన్ జబ్బులన్నీ ఒకటి కావు. కేఐఎఫ్1ఏలో చాలా మార్పులు ప్రోటీన్ నడకను దెబ్బతీస్తాయి. అదే కుటుంబంలోని కేఐఎఫ్21ఏ జన్యువులో సంగతి దాదాపు తలకిందులు. పని లేనప్పుడు కైనెసిన్ తన్ను తాను మడుచుకుని ఆగిపోవాలి, ఆ ఆగడం పోయి అది అతిగా పనిచేస్తుంది, ఫలితంగా కంటిని కదిలించే నరాలు సరిగా ఏర్పడవు. ఆ బిడ్డ పుట్టుకతోనే కళ్లు పైకెత్తలేదు, రెప్పలు వాలిపోయి ఉంటాయి, ఎదురుగా ఉన్నదాన్ని చూడాలన్నా గడ్డం పైకెత్తి చూస్తుంది. కేఐఎఫ్5ఏ ఇంకా చిత్రం, ఒకచోట మార్పు వస్తే కాళ్లు బిగుసుకుపోయే వంశపారంపర్య జబ్బు, ప్రోటీన్ తోక భాగంలో వస్తే ఏఎల్ఎస్ (కండరాల్ని కదిలించే నరకణాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు) అని 2018లో తేలింది. ఒకదానికి బలం పెంచాలి, ఇంకొకదానికి పగ్గం వేయాలి. అన్నిటికీ కలిపి 'మందు రాబోతోంది' అని రాస్తే ఆ పేపర్ కటింగ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేనేం చెప్పను? ఆశ లేదనడం లేదు. కేఐఎఫ్1ఏ లోపమున్న ఒక పాప కోసం ప్రత్యేకంగా తయారుచేసిన యాంటీసెన్స్ మందు (జన్యువు పంపే సందేశాన్ని అడ్డుకునేది) వల్ల కొంత మేలు కనిపించిందని 2024లో వైద్య పత్రికలో వచ్చింది. అది ఆ పాపలో మార్పు ఉన్న జన్యు ప్రతిని మాత్రమే అడ్డుకునేలా చేసింది. కచ్చితమైన మార్పేదో తెలియని బిడ్డకు అలాంటి దారి అసలు తెరుచుకోదు. కేన్సర్‌లో కణ విభజనకు కావలసిన కేఐఎఫ్11 అనే కైనెసిన్‌ని ఆపే మందుల మీద కూడా ఏళ్ల తరబడి ప్రయత్నాలు జరిగాయి, అనుకున్నంత ఫలితం రాలేదు. అదీ పాఠకులకు చెప్పాల్సిందే.

కాబట్టి నేను అడిగేది ఇది. కాన్పులో కారణం కనిపించని, లేదా రానురాను వెనక్కిపోతున్న ప్రతి బిడ్డకూ సెరిబ్రల్ పాల్సీ అని ఖాయం చేసేముందు జన్యు పరీక్ష జరగాలి, వీలైతే అమ్మానాన్నల శాంపిళ్లతో కలిపి ఎక్సోమ్ పరీక్ష (జన్యువుల్లో ప్రోటీన్ల తయారీకి సంబంధించిన భాగాలన్నిటినీ చదివేది), కొత్త మార్పా కాదా అనేది అలా చేస్తేనే త్వరగా తేలుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇది ఉచితంగా జరగాలి, డబ్బున్నవాళ్లకే జబ్బు పేరు తెలియడం న్యాయం కాదు. రిపోర్టు చేతికిచ్చి పంపేయకుండా కూర్చోబెట్టి చెప్పే మనిషి ఉండాలి. ఇంకొకటి, 'ఈ మార్పు అర్థం ఇంకా స్పష్టం కాలేదు' అని వచ్చిన రిపోర్టుల్ని బీరువాలో పెట్టేస్తున్నారు. అవే మార్పులు తరువాత వేరే పిల్లల్లో దొరికి అర్థం తేలవచ్చు. రెండుమూడేళ్లకోసారి ఆ పాత డేటాని మళ్లీ చూసి, ఆ కుటుంబానికి ఫోన్ చేసి చెప్పే బాధ్యత ల్యాబుకా, ఆసుపత్రికా అన్నది ఆరోగ్యశాఖ రాతపూర్వకంగా తేల్చాలి.

ఇట్లు,
పిల్లల ఫిజియోథెరపిస్ట్, మీ పాఠకురాలు