ఎవరి రొట్టె వారిది

సంపాదకులకు,

దేశాలను సంతోషంలో వరుస పెట్టే ప్రపంచ నివేదిక 2012 నుంచి వస్తోంది. మీ బతుకు 0 నుంచి 10 మెట్లలో ఎక్కడుందని జనాన్ని అడిగి సగటు కడతారు. 2018లో ఫిన్లాండు మొదటి స్థానమెక్కింది, సంతోషమే. మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగకు వచ్చి, స్వర్ణాల చెరువులో నిలబడి చూస్తే ఆ సగటు ఎంత పలచనో తెలుస్తుంది. ఎవరి కోరిక పేరుతో ఉన్న రొట్టె వాళ్లు అందుకుంటారు: ఒకరికి ఉద్యోగం రొట్టె, పక్కనామెకు సంతానం రొట్టె, ఇంకొకరికి ఆరోగ్యం రొట్టె. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి అదే రొట్టె మరొకరికి ఇస్తారు. నిరుడు సంతానం రొట్టె పట్టినామె ఈ ఏడు ఇంటి రొట్టె వెతుక్కోవచ్చు (అదేం అత్యాశ కాదు). మనిషికీ మనిషికీ మధ్యే కాదు, ఒకే మనిషిలోనూ ఏడాది తిరిగేసరికి తేడా!

పండుగప్పుడు జిల్లా పేజీలో జనం లెక్కలు, పార్కింగు ఏర్పాట్లు వేస్తారు. ఈసారి ఎవరు ఏ రొట్టె పట్టారో, ఎందుకో కూడా రాయించండి.

– ఒక పాఠకుడు, నెల్లూరు