మేకలు కాసింది నిజమే, చదువురాదన్నది అబద్ధం

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సాహిత్య పేజీలో స్పానిష్ కవి మిగేల్ ఎర్నాందెస్ మీద వ్యాసం చూసి ముందు సంబరపడ్డాను, ఎందుకంటే మనకి స్పానిష్ కవిత్వం అనగానే నెరూదా, లేదంటే లోర్కా, అక్కడితో సరి (నెరూదాది స్పెయిన్ కూడా కాదు, చిలీ). తీరా చదివితే రెండు చోట్ల ఒళ్లు మండింది. ఆయన్ని ‘చదువురాని మేకల కాపరి’ అన్నారు. అంతర్యుద్ధం గెలిచి స్పెయిన్‌కి నియంత అయిన ఫ్రాంకో సైన్యం కాల్చి చంపిందనీ రాశారు.

కాల్చి చంపింది లోర్కాని, 1936 ఆగస్టులో, గ్రనాడా దగ్గర. ఎర్నాందెస్‌కి 1940 జనవరిలో మరణశిక్ష వేసి, కొన్ని నెలలకి దాన్ని 30 ఏళ్ల జైలుగా మార్చారు. లోర్కా విషయంలో వచ్చిన చెడ్డపేరు మళ్లీ మోయడం ఎందుకని అలా చేశారంటారు. ఆ తర్వాత పలెన్సియా, ఒకాన్యా, అలికాంతే అంటూ జైలు నుంచి జైలుకి తిప్పారు. క్షయ పట్టుకుంది, సరైన వైద్యం లేదు, 1942 మార్చి 28న అలికాంతే జైల్లోనే పోయాడు. అప్పటికి 31 ఏళ్లు. తుపాకీ పేల్చకుండా చంపడం అంటే ఇదే, అందుకే ఆ తేడా చెరిపేయకూడదని నా గోల.

ఇక చదువు సంగతి. 1910లో అలికాంతే ప్రాంతంలోని ఒరివేలాలో పుట్టాడు. తండ్రి మేకల వ్యాపారి, సొంత ఇల్లూ మందా ఉన్నవాడు, మరీ తిండికి లేని ఇల్లేం కాదు. ఊళ్లోని జెసూట్ల (కేథలిక్ సన్యాసుల) బడిలో కుర్రాడు బాగా చదివేవాడు. 14 ఏళ్లప్పుడు తండ్రి మాన్పించి మేకల వెంట పంపాడు, పుస్తకం పట్టుకుంటే కొట్టేవాడు కూడా. అయినా ఊళ్లో చర్చి పెద్ద అల్మార్చా ఇచ్చిన పుస్తకాలు, లైబ్రరీ పుస్తకాలు మందలో కూర్చునే చదివాడు. 17వ శతాబ్దపు గోంగొరా, అంటే స్పానిష్ పండితులకే తల తిరిగే కవి, ఆయన పంథాలో ఎనిమిదేసి పాదాల పద్యాలు 42 కట్టి 1933లో మొదటి పుస్తకం వేశాడు. ఆ పద్యాలు పొడుపుకథల్లా ఉంటాయి, దేని గురించో తేలాలంటే బుర్ర బద్దలు కొట్టుకోవాలి. ఇది చదువురానివాడు చేసే పనా? ‘కాపరి కవి’ అనే ముద్రని మొదట్లో ఆయనే కొంత వాడుకున్నాడు లెండి, మాడ్రిడ్‌లో నలుగురి కంట్లో పడాలని. దాన్ని మనం ఇన్నేళ్లు మోయక్కర్లేదు.

వ్యాసంలో అసలు రానిది ఇంకొకటి ఉంది. ఆయన్ని పుట్టుకతోనే ఎర్రజెండా పట్టిన మనిషిలా చూపించారు. కుర్రతనంలో గట్టి కేథలిక్. ప్రాణస్నేహితుడు రమోన్ సిహే కూడా కేథలిక్ పత్రిక నడిపినవాడే. మాడ్రిడ్ వెళ్లి నెరూదా లాంటివాళ్లతో కలిశాక ఆ ఇద్దరి మధ్యా దూరం పెరిగింది, 1935 డిసెంబరులో సిహే హఠాత్తుగా పోయాడు. అతని మీద రాసిన ఎలిజీలో, అంటే స్మృతి గీతంలో, నేలని పళ్లతో తవ్వి స్నేహితుణ్ణి బయటికి తెస్తానంటాడు. ఆ దుఃఖంలో తప్పు చేశానన్న బాధ కూడా కలిసి ఉందని నాకనిపిస్తుంది.

1936లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఫ్రాంకోకి ఎదురు నిలిచిన రిపబ్లిక్ ప్రభుత్వం వైపు చేరి కందకాలు తవ్వాడు, సైనికులకి కవితలు చదివి వినిపించాడు. ఆయన ప్రేమించిన హోసెఫీనా తండ్రి సివిల్ గార్డు, అంటే అక్కడి పోలీసు దళం మనిషి. ఆ తండ్రిని 1936 ఆగస్టులో చంపింది రిపబ్లిక్ వైపు మిలీషియావాళ్లే. అయినా 1937 మార్చిలో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆ ఇంట్లో ఆ మాట ఎలా మాట్లాడుకున్నారో ఊహించడం కష్టం. అది సివిల్ పెళ్లి కాబట్టి ఫ్రాంకో వచ్చాక చెల్లలేదు. ఆయన జైలు ఆసుపత్రి మంచం మీద, చనిపోవడానికి మూడు వారాల ముందు, ఆమెకి భార్యగా గుర్తింపు ఉండాలని చర్చి పద్ధతిలో మళ్లీ చేసుకున్నారు.

మీరు వేసిన ఆయన ఉల్లిపాయ జోలపాట అనువాదం గురించి కూడా ఒక మాట. బిడ్డకి పాలిస్తున్న తాను రొట్టె, ఉల్లిపాయ తప్ప ఏమీ తినడం లేదని హోసెఫీనా ఉత్తరం రాస్తే 1939 సెప్టెంబరులో మాడ్రిడ్ జైల్లో రాసిందది. అప్పటికే మొదటి కొడుకు ఏడాది నిండకుండా పోయాడు, ఈ పాట రెండోవాడికి. దాన్ని వచన కవితగా మార్చేశారు. మూలం ‘సెగిదియా’ అనే జానపద ఛందస్సులో, ఏడు, ఐదు అక్షరాల చిన్నచిన్న పాదాలతో నిజంగానే ఊయల ఊపుతున్నట్టు సాగుతుంది. ఉల్లిపాయ, ఆకలి అంటూ మొదలుపెట్టి, నవ్వమని బతిమాలి, పిల్లాడికి వచ్చిన ఐదు పళ్ల మీదికి వెళ్లి, ఏం జరుగుతోందో నీకు తెలియొద్దు అనేస్తాడు. లయ తీసేస్తే మిగిలేది జాలి ఒక్కటే. మనకి జోలపాటల లయ తెలియనిదా, కాస్త ప్రయత్నిస్తే వచ్చేది.

దయచేసి చదువు సంగతీ మరణం సంగతీ సవరణ వేయండి. వీలైతే సిహే ఎలిజీని, జైలు రోజుల్లో రాసుకున్న చిన్న పాటలు రెండు మూడింటిని లయ తెలిసినవాళ్లతో అనువాదం చేయించి వేయండి. వ్యాసం లేకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, కాకినాడ