ఫిక్సిట్‌ని వెక్కిరించడం పిల్లలకు నేర్పకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో కార్టూన్ రోబోల గురించి వేశారు. బంబుల్‌బీకి, గ్రిమ్‌లాక్‌కి పెద్ద పెద్ద బొమ్మలు వేసి, కింద ఓ మూల ఫిక్సిట్ అనే బుల్లి రోబోని పెట్టి ‘నత్తి రోబో, నోరు తెరిస్తే నవ్వులే’ అని రాశారు. అంతటితో వదిలేసినా నేను ఊరుకునేవాణ్ణి. ‘ఫిక్సిట్‌లా మాట్లాడి మీ ఫ్రెండ్స్‌ని నవ్వించండి’ అని ఒక యాక్టివిటీ కూడా ఇచ్చారు. మా మనవడు ప్రతి వారం ఆ పేజీ కత్తిరించి దాచుకుంటాడు. ఈసారి దాన్ని మడతపెట్టి నిక్కరు జేబులో పెట్టుకుని, “తాతయ్యా, ఈ వారం ఏం బాలేదులే, నువ్వు చదవక్కర్లేదు” అన్నాడు. వాడు అలా అన్నాడంటే అందులో ఏదో ఉందని తీయించి చదివాను.

నేను భీమవరంలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను. ఫ్యాన్లు, మిక్సీలు, రొయ్యల చెరువుల మీద తిరిగే ఏరియేటర్ల మోటార్లు, అన్నీ వస్తాయి. నాకు చిన్నప్పటి నుంచీ నత్తి. ఈ వయసులో అది నాకో బాధ కాదు. ఎవరైనా నవ్వినా పట్టించుకోను. ఎనిమిదేళ్ళ పిల్లవాడు మాత్రం పట్టించుకుంటాడు. వాడి క్లాసులో కూడా నాలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. సోమవారం పొద్దున మీ యాక్టివిటీ ఆ పిల్లాడి మీదే జరిగి ఉంటుంది.

ఆ కార్టూన్ మనవడి పక్కన కూర్చుని నేనూ చూశాను కాబట్టి చెబుతున్నాను, మీరు ఫిక్సిట్‌ని సరిగ్గా పరిచయం చెయ్యలేదు. అది 2015లో మొదలైన ‘ట్రాన్స్‌ఫార్మర్స్: రోబోట్స్ ఇన్ డిస్గైజ్’. ఖైదీలను మోసుకెళ్ళే ఆల్కెమోర్ అనే అంతరిక్ష ఓడ భూమ్మీద కూలుతుంది, అందులోని డిసెప్టికాన్లు, అంటే చెడ్డ రోబోలు, తప్పించుకుంటారు. ఆ ఓడ బాగోగులు చూసుకునే పనివాడు ఫిక్సిట్. పెద్ద రోబోల పక్కన నిలబడితే మరీ బుల్లివాడు. పోట్లాటంటే భయం, వెనకే ఉంటాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే కంగారు పడతాడు. కానీ ఏది చెడినా బాగుచేసేది వాడే. క్రౌన్ సిటీ దగ్గర డెన్నీ క్లే అనే ఆయనకి పాత సామాన్ల యార్డు ఉంటుంది, వీళ్ళంతా అక్కడే మకాం. ఎవరైనా స్క్రాప్ యార్డు అంటే డెన్నీ ఊరుకోడు, ‘పాతకాలపు వస్తువుల డిపో’ అని దిద్దుతాడు. ఆ ముక్క వచ్చినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మా షాపు వెనకున్న గుట్టని మా ఆవిడ చెత్త అంటే నేనూ అలాగే దిద్దుతాను. ఫిక్సిట్ ఆ తుక్కులోంచే ఏరుకుని గ్రౌండ్‌బ్రిడ్జి కడతాడు. ఇక్కడ అడుగు పెడితే ఇంకెక్కడో తేలే దారి అన్నమాట. చేతిలో ఉన్న సామానుతో పని కానివ్వడం ఎంత కష్టమో మెకానిక్‌ని అడగండి. ఇంత చేసేవాడి గురించి మీ పేజీలో ఉన్నది ఒక్క నత్తి.

ఇక ఆ నత్తి సంగతి. ఫిక్సిట్ ఒక మాట అనబోతాడు, దానిలాగే వినిపించే ఇంకో మాట వస్తుంది, అది కాదని మరొకటి వస్తుంది, చివరికి అసలు మాట దొరుకుతుంది. దొరగ్గానే ఆగకుండా ముందుకెళ్ళిపోతాడు. ఇది నత్తిలో ఒక రకంలా ఉంటుంది గానీ అచ్చం నత్తి కాదు. మాకు మొదటి అక్షరమే గొంతులో పట్టేస్తుంది. అయినా ఒక విషయంలో వాడూ నేనూ ఒకటే. నాకు ‘కెపాసిటర్’ అనే మాట రాదు. ‘కె’ దగ్గర ఆగిపోతుంది. మా వృత్తిలో ఫ్యాన్ కెపాసిటర్‌ని చాలామంది కండెన్సర్ అంటారు. అది కూడా ‘క’తోనే మొదలవుతుంది, అయినా ఎందుకో అది మాత్రం జారిపోతుంది. అందుకని కస్టమర్ ముందు నేనెప్పుడూ “కండెన్సర్ పోయిందండీ” అనే అంటాను. నత్తి ఉన్నవాళ్ళలో చాలామంది చేసే పనే ఇది. రాబోయే మాటని ముందే పసిగట్టి, పక్కకి తప్పుకుని, ఇంకో మాట అందుకుంటాం. ఎదుటివాళ్ళకి ఇదేమీ తెలియదు. లోపల మాత్రం ఒకటే టెన్షన్.

స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు ‘ప్రెజెంట్ సార్’ నోట్లోంచి వచ్చేది కాదు. చెయ్యెత్తితే, నోటితో చెప్పనివాడు రానివాడి కింద లెక్క అని ఆబ్సెంట్ వేసిన మేష్టారు ఒకాయన ఉండేవారు. అదే క్లాసులో అందరితో కలిసి సుమతీ శతకం పద్యం అందుకుంటే ఒక్క అక్షరం తడబడేవాణ్ణి కాదు. పదిమందితో కలిసి చదివితే, పాడితే నత్తి దాదాపు ఉండదు. ఇది నా ఒక్కడి అనుభవం కాదు, మాట వైద్యం చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. మా అమ్మకి మాత్రం అది వింతగా ఉండేది. పద్యం వచ్చినవాడికి మాట రాకపోవడం ఏమిటని, పొగరు కాబోలని కూడా అనుకునేది పాపం. నా నాలుక మీద వస అరగదీసి రాశారు. నోట్లో గులకరాళ్ళు పెట్టించారు. నాలుక కింద నరం కోయిస్తే పోతుందని ఎవరో చెబితే మా నాన్న ఒప్పుకోలేదు, అందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి. మాట ఇరుక్కున్నప్పుడు వీపు మీద ఒక్కటి చరిస్తే బయటికొస్తుందని చరిచేవారు.

చరవడం గురించి మెకానిక్‌గా నాకు తెలిసింది చెబుతాను. వెనకటి డబ్బా టీవీ బొమ్మ పోతే నెత్తిన ఒక్కటి కొట్టేవాళ్ళం, బొమ్మ వచ్చేది. లోపల సోల్డరింగ్ ఎక్కడో వదులైతే ఆ అదురుకి మళ్ళీ అంటుకునేది, అంతే. పిల్లల గొంతులో వదులైన సోల్డరింగ్ ఏదీ లేదు. చరిచినా, “నెమ్మదిగా చెప్పు, ఊపిరి తీసుకో” అని పదిసార్లు అన్నా, మిగిలిన సగం మాట మీరే పూర్తిచేసి అందించినా ఒరిగేదేమీ ఉండదు. పిల్లవాడు ఆ మాట మానేసి ఇంకో మాట వెతుక్కుంటాడు. కొన్నాళ్ళకి మాట్లాడటమే మానేస్తాడు.

నత్తి భయం వల్ల వచ్చేది కాదు. భయపడితే ఎక్కువవుతుంది, అది వేరే సంగతి. ఎక్కువగా కుటుంబాల్లో వస్తుంది, ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో ఎక్కువ. రెండు నుంచి అయిదేళ్ళ మధ్య మొదలవుతుంది, చాలామంది పిల్లల్లో దానంతట అదే పోతుంది. పెద్దవాళ్ళలో వందకి ఒకరికి ఉంటుందని లెక్క. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో మాటకి, భాషకి సంబంధించిన వైకల్యాన్ని కూడా చేర్చారు. చూపించుకోవడానికి మైసూరులో 1965 నుంచీ నడుస్తున్న వాక్ శ్రవణ సంస్థ ఉంది. అంత దూరం వెళ్ళలేనివాళ్ళకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది. నా చిన్నతనంలో ఈ ముక్కలు చెప్పినవాళ్ళు లేరు. మీ పేపర్ వెళ్ళే ఇళ్ళలో ఇప్పటికీ వస అరగదీస్తూనే ఉంటారు.

ఇవన్నీ బొమ్మలు అమ్ముకోవడానికి తీసే కార్టూన్లు, ఇంత సీరియస్ ఎందుకు అంటారేమో. నిజమే. 1984లో హాస్‌బ్రో కంపెనీ జపాన్ టకారా వాళ్ళ బొమ్మలు తీసుకుని, వాటికి పేర్లు, కథలు రాయించి ట్రాన్స్‌ఫార్మర్స్ అని అమ్మింది. ఫిక్సిట్ లాంటి బుల్లి రోబోలు, మినీకాన్లు అంటారు, 2002లో ‘ఆర్మడా’ బొమ్మలతో వచ్చాయి. బుల్లిదాన్ని పెద్దదానికి తగిలిస్తే ఏదో ఒక మీట పనిచేసేది. వ్యాపారమే, కాదనను. కానీ ప్లాస్టిక్ అచ్చులో నత్తి పొయ్యలేరు కదా. అది రాసినవాళ్ళు కావాలని ఇచ్చింది, మిచెల్ విట్‌ఫీల్డ్ అనే నటుడు గొంతులో పలికించింది. నవ్వించడానికే ఇచ్చారనుకున్నా, ఫిక్సిట్ వాళ్ళ టీముకి నాయకుడు ఎవరో చూడండి. బంబుల్‌బీ. దీని ముందు కథ ‘ట్రాన్స్‌ఫార్మర్స్ ప్రైమ్’. అందులో బంబుల్‌బీకి గొంతే లేదు. డిసెప్టికాన్ల నాయకుడు మెగాట్రాన్ చీల్చేశాడు. ఆ కథంతా బీప్ బీప్ అనే చప్పుళ్ళతోనే నెట్టుకొచ్చి, 2013లో చివరికొచ్చాక గానీ మాట తెచ్చుకోలేదు. కొత్త కథలో నాయకుడయ్యాక కూడా యుద్ధానికి బయల్దేరేటప్పుడు అనాల్సిన ఊపు మాట ఒక పట్టాన కుదరదు. రకరకాలుగా ప్రయత్నించి చెడగొట్టుకుంటాడు, టీమంతా మొహాలు చూసుకుంటారు. మాట కోసం తడుముకునేవాళ్ళు ఆ యార్డులో ఇద్దరు. ఒకడి బొమ్మ మీరు పేజీ నిండా వేశారు, రెండోవాణ్ణి వెక్కిరించమన్నారు. మా మనవడు ఇదంతా విని, “బంబుల్‌బీని కూడా నవ్వాలి కదా మరి” అన్నాడు.

నేను అడిగేవి రెండే. ఆ యాక్టివిటీ తప్పని వచ్చే ఆదివారం అదే పేజీలో, పిల్లలకు అర్థమయ్యే మాటల్లో రెండు వాక్యాలు వెయ్యండి. ఎడిటోరియల్ కింద చిన్న అక్షరాల్లో వేస్తే ఏ పిల్లాడూ చదవడు. రెండోది, అక్టోబర్ 22 నత్తి గురించి అవగాహన కోసం ప్రపంచమంతా పాటించే రోజు. ఆ వారం పిల్లల పేజీలో సగం దీనికివ్వండి. మాట పూర్తయ్యేదాకా ఆగడం, సగంలో అందించకపోవడం, మొహంలోకి చూసి వినడం, ఈ మూడూ ఏదైనా ఒక బొమ్మల కథగా వేయించండి. ఫిక్సిట్ అయితే కాపీరైట్ గొడవ, మీ ఆర్టిస్టు చేత మన మిక్సీ మెకానిక్‌ని ఎవరినైనా గీయించండి.

ఇంకేమైనా అడగాలంటే షాపు నంబరు కవరు మీద రాశాను. మధ్యాహ్నం పూట చెయ్యండి, చెరువులవాళ్ళు మోటార్లతో పొద్దున్నే వస్తారు. నేను ఫోనెత్తగానే ‘హలో’ వినపడకపోతే లైను కట్టయిందని పెట్టెయ్యకండి, వస్తుంది.

ఇట్లు,
మోటార్ వైండింగ్ మెకానిక్, భీమవరం
(పేరు వెయ్యవద్దని మనవి. మనవడి స్కూల్లో మీ పేపర్ తెప్పిస్తారు.)