నా సందేహాలను ఓపికగా విన్నవాళ్లందరికీ కృతజ్ఞతలు

పోయిన వారంతో నా సూపర్విజన్ కాలం, అంటే సీనియర్ సైకాలజిస్టు పర్యవేక్షణలో క్లయింట్లను చూసే కాలం, పూర్తయింది. ఇక క్లయింట్లను సొంతంగా చూడొచ్చని మా మేడం సంతకం పెట్టి కాగితం చేతికిచ్చారు. ఆవిడకీ, నా తోటివాళ్లకీ విడిగా థాంక్స్ చెప్పాను కానీ మనసు తృప్తిపడలేదు. నలుగురిలో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. సైకాలజిస్టుగా కొత్తగా పని మొదలుపెట్టి, ‘ఇది నా వల్ల అవుతుందా’ అని లోపల నలిగిపోతున్నవాళ్లు ఒక్కరు చదివినా మంచిదే.

చదువులో నాకు ఇబ్బంది లేదు. డిప్రెషన్ లక్షణాలేమిటో, ఏ ప్రశ్నావళి ఎప్పుడు వాడాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఎదురుగా ఒక మనిషి కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నప్పుడు మాత్రం అదంతా ఎటు పోయేదో తెలిసేది కాదు. యాభై నిమిషాల సెషన్‌లో సగంసేపు నా తలలో నా గొడవే. తర్వాత ఏం అడగాలి? ఈ మౌనం మరీ ఎక్కువైందా? నా వయసు చూసి ఈయన నన్ను నమ్ముతున్నారా? ఎవరైనా తర్వాతి అపాయింట్‌మెంట్‌కి రాకపోతే ఆ రోజు అన్నం సయించేది కాదు. నాకంటే తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లి ఉంటే ఆయనకి మేలు జరిగేదేమో అనిపించేది.

ఇది మేడంకి చెప్పినప్పుడు ఆవిడ ‘నువ్వు బాగానే చేస్తున్నావు, భయపడకు’ అని ఊరుకోబెట్టలేదు. అందుకే ఆవిడ మాట మీద నాకు గురి కుదిరింది. క్లయింట్ అనుమతితో రికార్డు చేసిన సెషన్‌ని ఇద్దరం కలిసి వినేవాళ్లం. మధ్యలో ఆపి, “నువ్వేం అనుకున్నావో తర్వాత చెబుదువుగాని, ముందు ఆయన ఏమన్నారో చెప్పమ్మా” అనేవారు. మొదట్లో సగం మాటలే గుర్తొచ్చేవి. మళ్లీ వినేవాళ్లం. అలా వారం వారం నా చెవి నా మీద నుంచి ఆయన మీదకి మళ్లింది. కొత్త థెరపిస్టులో ఆందోళన, తన మీదే దృష్టి ఎక్కువగా ఉండటం ఎదుగుదలలో మొదటి దశ అని స్టోల్టెన్‌బర్గ్, డెల్‌వర్త్ అనే పరిశోధకులు 1987లోనే వివరించారని ఆవిడ చాలా రోజుల తర్వాత చెప్పారు. ముందే చెప్పి ఉంటే దాన్ని నేను సాకుగా పట్టుకునేదాన్నేమో. ఏది ఎప్పుడు చెప్పాలో ఆవిడకి బాగా తెలుసు.

మధ్యలో మానేసేవాళ్ల విషయంలో కూడా అంతే. స్విఫ్ట్, గ్రీన్‌బర్గ్ 2012లో 669 అధ్యయనాలను కలిపి చూస్తే, దాదాపు ఐదుగురిలో ఒకరు థెరపీని మధ్యలోనే ఆపేస్తారని తేలింది. ఇంకా శిక్షణలో ఉన్నవాళ్ల దగ్గర ఆ సంఖ్య కాస్త ఎక్కువ. ఆ రెండో సంగతిని ఆవిడ దాచలేదు. “ఎందుకు మానేశారో ఊహించుకుంటూ కూర్చోకు. వచ్చినవాళ్లని వచ్చినప్పుడే అడుగు” అన్నారు. ఏం అడగాలో కూడా నేర్పారు. క్లయింట్‌తో కలిసి పనిచేసే సంబంధంలో మూడు భాగాలుంటాయని 1979లో బోర్డిన్ చెప్పాడు: గమ్యం మీద ఒప్పుదల, చేసే పని మీద ఒప్పుదల, ఇద్దరి మధ్య నమ్మకం. సెషన్ చివర్లో ఈ మూడింటి గురించి మామూలు మాటల్లో అడగటం మొదలుపెట్టాను. “మీరు ఇచ్చే హోంవర్క్ నాకు కుదరడం లేదండీ” అని ఒకరు మొహం మీదే చెప్పినప్పుడు నాకు బాధ కలగలేదు, ఊపిరి పీల్చుకున్నాను. సరిచేయదగిన విషయం ఒకటి చేతికి దొరికింది కదా.

నా అసలు భయం వేరే ఉంది. డిప్రెషన్ ఎంత ఉందో చూసే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో చివరి ప్రశ్న, అంటే చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే ప్రశ్న, వచ్చేసరికి గొంతు పట్టేసేది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమో అన్న బెంగ. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయని తెలిసినా, తెలిసినంత మాత్రాన నోరు పెగలదు. ఇక్కడ నన్ను గట్టెక్కించింది మా సీనియర్ అన్న. పని అయ్యాక ఉండిపోయి, తను క్లయింట్‌గా కూర్చుని, నా చేత ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ సూటిగా అడిగించాడు. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా’ అన్నట్టు అడిగితే ఎవరైనా లేవనే అంటారని చూపించాడు. చనిపోవాలన్న ఆలోచన వచ్చినప్పుడు క్లయింట్ ఏం చేయాలో ముందే రాసిపెట్టుకునే భద్రతా ప్రణాళికను, స్టాన్లీ, బ్రౌన్ రూపొందించినదాన్ని, ఒక్కో మెట్టూ రాయించాడు: ముందస్తు సూచనలు, ఒంటరిగా చేసుకోగలిగేవి, మనసు మళ్లించే మనుషులు, చోట్లు, సాయం అడగదగిన వాళ్లు, నిపుణుల నంబర్లు, ప్రమాదకరమైన వస్తువుల్ని దూరం చేయడం. అన్నా, నీ సాయంత్రాలు ఎన్ని నాకోసం ఖర్చు చేశావో నాకు తెలుసు. ఆ ప్రశ్న ఇప్పుడు తడబడకుండా అడగగలుగుతున్నాను.

మా తోటివాళ్ల బృందం గురించి చెప్పాలి. వారానికోసారి కలిసి, పేర్లూ ఆనవాళ్లూ లేకుండా కేసులు మాట్లాడుకునేవాళ్లం. నాకంటే ఎంతో ధైర్యంగా కనిపించే అమ్మాయి, తనకేమీ రాదన్న బండారం ఏదో ఒక రోజు బయటపడుతుందన్న భయం తనకూ ఉందని చెప్పిన రోజు నా భుజాల మీద బరువు సగం దిగింది. బాగా రాణించినవాళ్లలో కూడా ఈ భయం ఉంటుందని క్లాన్స్, ఐమ్స్ 1978లో రాసింది చదివే ఉన్నాను. పక్కనున్న మనిషి నోట వినడం వేరు.

మరో విషయం నన్ను నిలబెట్టింది. నార్వేలో నిస్సెన్-లీ, ఆమె సహచరులు చేసిన అధ్యయనాన్ని మేడం నా చేత చదివించారు. పనిలో తమ సామర్థ్యాన్ని ప్రశ్నించుకుంటూ, మనిషిగా మాత్రం తమ పట్ల దయగా ఉండే థెరపిస్టుల క్లయింట్లలో మెరుగుదల ఎక్కువగా కనిపించిందట. నాలో మొదటిది దండిగా ఉంది, రెండోదే లేదు. ఆ లోటు తీరడానికి ఇంట్లో అమ్మే ఎక్కువ సాయపడింది. కేసుల సంగతి ఆవిడ ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పకూడదు. నేను డీలా పడి వచ్చిన రోజుల్లో “ముందు తిను, తర్వాత ఆలోచించు” అని మాత్రం అనేది. సందేహం నాకు ఇప్పటికీ వస్తుంది. వచ్చినప్పుడు ‘ఇది క్లయింట్ గురించా, నా గురించా’ అని చూసుకుంటాను. క్లయింట్ గురించైతే నోట్స్‌లో రాసుకుని ఎవరినైనా అడుగుతాను. నా గురించైతే సెషన్ అయ్యేదాకా పక్కన పెడతాను.

నా క్లయింట్లకు ఇక్కడ పేరు పెట్టి కృతజ్ఞత చెప్పే వీలు లేదు. వాళ్ల కథల్లో ఒక్క ముక్క కూడా రాయను. అనుభవం తక్కువని తెలిసీ నా ఎదురుగా కూర్చుని, ఎవరికీ చెప్పనివి చెప్పారు. వాళ్లకి నా రెండు చేతులా నమస్కారం.

మేడం, ఇకపై నెలకోసారైనా కేసు చర్చకి రమ్మన్నారు. తప్పకుండా వస్తాను. ఈసారి మా బృందంలోకి కొత్తగా చేరిన ఇద్దరిని కూడా తీసుకొస్తాను, వాళ్ల రికార్డింగులు మీరు వినాలి.