పేరు తీసేస్తే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

మాది కవిటి మండలం. జిల్లాలోనే ఒక కాలేజీలో బయోఇన్ఫర్మాటిక్స్, అంటే జన్యువుల వంటి జీవ సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువు, చెబుతాను. ఈమధ్య ఒక ప్రాజెక్టు వైవాలో జరిగింది ఇంకా మనసులోంచి పోవడం లేదు. ఒకమ్మాయి కిడ్నీ రోగుల డేటా మీద పని చేసింది, కష్టపడి బాగానే చేసింది. స్క్రీన్ మీద ఎక్సెల్ షీట్ తెరిచింది. పేర్లు లేవు, నంబర్లే. కానీ పక్క గడుల్లో ఊరు, వయసు, చేసే పని, డయాలసిస్ ఎప్పట్నుంచి, ఇంట్లో ఇంకెవరికి జబ్బుందో అన్నీ ఉన్నాయి. ఒక వరస చదివేసరికే అది మా వీధి మనిషేనని తెలిసిపోయింది. ఆ వివరాలు ఇక్కడ రాయను, రాస్తే నేనూ అదే తప్పు చేసినట్టు. "ఇది ఇలా చూపించకూడదమ్మా" అంటే, "పేర్లు తీసేశాం కదా మేడమ్" అంది. ఆ పిల్లని ఏమనను? మేం నేర్పితే కదా!

మా సిలబస్‌లో ఎథిక్స్, అంటే పరిశోధనలో నీతి నియమాలు, ఆఖరి యూనిట్‌లో సగం. క్లోనింగ్ మంచిదా కాదా, జీఎం పంటలు కావాలా వద్దా, పరీక్ష ముందు రోజు జిరాక్సు చూసి రాసేసే ప్రశ్న. సీక్వెన్సులు, అంటే డీఎన్ఏలోని అక్షరాల వరసలు, ఎలా పోల్చాలో సెమిస్టరంతా చెబుతాం, అవి ఎవరి ఒంట్లోంచి వచ్చాయో ఒక్క క్లాసులోనూ చెప్పం.

ఇంటింటా కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న మా ఉద్దానంలో ఈ మాట ఇంకా గట్టిగా అడగాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఎన్ని బృందాలు వచ్చి రక్తం, మూత్రం, బావి నీళ్లు పట్టుకెళ్లాయో మా ఊళ్లో పెద్దలకే లెక్క తెలీదు. మా నాన్నగారు ఒకసారి ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేసి రక్తం ఇచ్చారు. అందులో ఏం తేలిందో కబురు చెప్పడానికి ఎవరూ రాలేదు. ఉద్దానం సంబంధమంటే వెనకాడేవాళ్లున్న రోజుల్లో ఫలానా ఇంట్లో ఈ జబ్బు వంశంలోనే ఉందట అని బయటికి పొక్కితే ఆ ఇంటి ఆడపిల్ల గతేమిటి? జన్యు సమాచారం ఒక్క మనిషిది కాదు కదా, అన్నదమ్ములది, పుట్టబోయే పిల్లలది కూడా.

పేరు తీసేస్తే చాలదని 2013లోనే తేలింది. అమెరికాలో పరిశోధకులు పేర్లు లేని జన్యు డేటాలోంచి, ఇంటర్నెట్‌లో అందరికీ దొరికే వంశవృక్షాల సాయంతో ఇంటిపేర్లు పట్టేసి, దాదాపు 50 మందిని గుర్తించారు. మన దగ్గర ఇంటిపేరూ ఊరూ తెలిస్తే ఇక మిగిలేదేముంది? అక్కడే అరిజోనాలో హవసుపాయ్ తెగవాళ్లు షుగర్ జబ్బు పరిశోధన అనుకుని రక్తమిస్తే, దాన్ని మానసిక వ్యాధుల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడ్నుంచి వలస వచ్చారన్న దాని మీద కూడా వాడారు. కోర్టుకెక్కారు. చివరికి 2010లో ఆ పరిశోధన చేసిన యూనివర్సిటీ 7 లక్షల డాలర్లిచ్చి రాజీపడింది, నమూనాలు తిరిగిచ్చింది. తిత్లీ తుపానుకు కొబ్బరి తోటలు పోగొట్టుకుని డయాలసిస్‌కి తిరుగుతున్న మా రైతు ఏ కోర్టుకెక్కుతాడు?

మన దేశంలోనూ జీనోమ్ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టు కింద దాదాపు 10 వేల మంది జన్యు సమాచారం సిద్ధమైంది, 2025 జనవరి నుంచి పరిశోధకులకు అందుతోంది. మంచి పనే, నేను కాదనను. రేపు అలాంటి డేటా మీద పనిచేసేది మా పిల్లలే. అందుకే నా భయం. పరిశోధనకు ఒప్పుకుంటూ సంతకం చేసే సమ్మతి పత్రం మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి, అయినా వాటిని తెరిచి చూసిన విద్యార్థి నాకు ఇంతవరకు తగల్లేదు.

సిలబస్ తయారుచేసే యూనివర్సిటీల బోర్డ్ ఆఫ్ స్టడీస్ వాళ్లని అడిగేది ఒకటే. ఈ ఎథిక్స్‌ని మార్కులున్న పూర్తి పేపరుగా పెట్టండి, ప్రాక్టికల్‌తో సహా. ప్రతి విద్యార్థీ ఒక సమ్మతి పత్రం తెలుగులో రాసి, చదువురాని మనిషికి చదివి వినిపించి, ఆయన అడిగిన ప్రశ్నలు రికార్డులో రాసుకురావాలి. డేటా ఇచ్చేముందు, ఇందులో మీ ఊరివాళ్లని మీరు గుర్తుపట్టగలరేమో చూడండి అని వాళ్లకే పరీక్ష పెట్టాలి. మోడల్ పత్రం తయారుచేయడానికి నేను సిద్ధం, పిలిస్తే ఆదివారమైనా వస్తాను.

– ఒక అధ్యాపకురాలు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా